తైమూర్ ఆత్మకథ తైమూర్ రాసిందేనా?

మీ ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారమండి. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మా మేనమామ ఒక మెసేజ్ పెట్టారు. ఢిల్లీ బయట లక్షమంది బందీల్ని చంపించానని, 1398లో ఢిల్లీ మీదికి దండెత్తిన తైమూర్ తన ఆత్మకథలో తనే రాసుకున్నాడట, చేసినవాడే ఒప్పుకున్నాక ఇంకేం సాక్ష్యం కావాలి అని అందులో ఉంది. మా అన్నయ్యేమో అది దొంగ పుస్తకం, కాబట్టి ఆ హత్యలు కూడా కట్టుకథే అంటాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి ఇద్దరూ భోజనాల దగ్గర మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. ఎవరిది రైటండీ?
(డిగ్రీ విద్యార్థిని, అమలాపురం)

జవాబు: అమ్మా, పుస్తకం విషయంలో మీ అన్నయ్య మాట నిజం, హత్యల విషయంలో మీ మేనమామగారి మాట నిజం. ఇద్దరూ పొరబడింది ఆ రెంటినీ ఒకే తాడుతో కట్టెయ్యడం దగ్గర. కొంచెం ఓపిగ్గా చదవండి, ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు.

ఆ పుస్తకం పేరు 'మల్ఫూజాత్-ఎ-తైమూరి'. 'తుజుకాత్' అని పాలనా పద్ధతుల గురించిన భాగం ఒకటి దానికి జతగా ఉంటుంది. మొదటినుంచీ "నేను ఇలా చేశాను, నాకు ఇలా అనిపించింది" అంటూ తైమూరే చెబుతున్నట్టు నడుస్తుంది. తైమూర్ చనిపోయింది 1405 ఫిబ్రవరిలో, చైనా మీదికి బయల్దేరి దారిలో ఒత్రార్ దగ్గర. ఈ పుస్తకం మొదటిసారి బయటపడింది ఎప్పుడో తెలుసా? 1637లో, అదీ మన దేశంలో, షాజహాన్ దర్బారులో. అబూ తాలిబ్ హుసేనీ అనే ఆయన తెచ్చి సమర్పించాడు. యెమెన్ గవర్నరు జాఫర్ పాషా గ్రంథాలయంలో తురుష్క భాషలో ఉన్న మూలప్రతి తన కంటపడిందని, దాన్ని తాను పారసీకంలోకి మార్చానని చెప్పుకున్నాడు. ఆ తురుష్క మూలాన్ని అబూ తాలిబ్ తప్ప చూశానన్నవాడు ఇంకొకడు లేడు.

మధ్యలో 232 ఏళ్లు గడిచాయి. ఆ 232 ఏళ్లలో ఎవరెవరు రాశారో చూడండి. నిజాముద్దీన్ షామీ తైమూర్ బతికుండగానే, తైమూర్ పురమాయిస్తేనే, 1404కల్లా 'జఫర్‌నామా' అని తైమూర్ విజయాల చరిత్ర రాశాడు. తర్వాత 1420లలో తైమూర్ మనవడు ఇబ్రహీం సుల్తాన్ పోషణలో షరఫుద్దీన్ అలీ యజ్దీ ఇంకా పెద్ద 'జఫర్‌నామా' రాశాడు. తైమూర్ ఎక్కడికెళ్తే అక్కడికి తురుష్క లేఖకులు, పారసీక లేఖకులు వెంట నడిచేవారని, జరిగింది జరిగినట్టు రాసి ఆయనకి చదివి వినిపించేవారని యజ్దీయే చెబుతాడు. లేఖకుల సంగతి అంత వివరంగా చెప్పిన మనిషి, సాక్షాత్తూ చక్రవర్తే తన కథ తను చెప్పుకుని ఉంటే ఆ ముక్క వదిలేస్తాడా? బాబరు తైమూర్‌కి ఐదో తరం వాడు. ఆ వంశమంటే ప్రాణం, జఫర్‌నామా తెలిసినవాడు, ఆయన కూడా మా ముత్తాతగారి ఆత్మకథ అని ఎక్కడా అనలేదు.

తైమూర్‌కి చదువు రాదు కాబట్టి ఇది దొంగదే అని కొందరు తేల్చేస్తారు. ఆ వాదన నాకు సరిపోదు. చదవడం రాయడం రాదని ఇబ్న్ అరబ్‌షా రాసిన మాట నిజమే. డమాస్కస్ పడిపోయినప్పుడు చిన్నతనంలోనే బందీగా సమర్‌కండ్ తరలిపోయినవాడాయన, తైమూర్ అంటే మంట. ఆయనే తైమూర్‌కి చరిత్రలు చదివించుకుని వినడమంటే ఎంతో ఇష్టమని కూడా రాశాడు. చదువురాని మనిషి చెప్పి రాయించుకోవచ్చు కదా. అందుకని నేను పట్టుకునే పాయింటు వేరే. ఈ పుస్తకం ప్రతుల్లో ఒకదాని చివర తైమూర్ తన చావు తనే చెబుతాడు: షాబాన్ నెల 17వ రాత్రి దైవనామం తలుచుకుంటూ నాకు స్పృహ తప్పింది, నా ప్రాణాన్ని సృష్టికర్తకి అప్పగించాను అని. ఆ వాక్యం చదివాక ఈ "నేను" ఎవరో ఇంకొకరు తొడుక్కున్న చొక్కా అని నాకు అనుమానం మిగల్లేదు.

ఇప్పుడు అసలు మెలిక చెబుతాను, ఇది మీ అన్నయ్యకి కూడా వినిపించండి. పుస్తకం చేతికొచ్చాక షాజహాన్ ముహమ్మద్ అఫ్జల్ బుఖారీ అనే పండితుణ్ణి పిలిచి, దీన్ని యజ్దీ జఫర్‌నామాతో పోల్చి చూసి సరిదిద్దమన్నాడు. ఆయన జఫర్‌నామాలో లేనివి తీసేసి, ఉన్నవి చేర్చాడు. ఇవాళ మల్ఫూజాత్‌లో ఢిల్లీ దండయాత్ర తేదీలు, మజిలీలు జఫర్‌నామాతో చక్కగా కలుస్తున్నాయంటే కారణం అది. "రెండు పుస్తకాలూ ఒకే మాట చెబుతున్నాయి, కాబట్టి నిజం" అనడానికి లేదు. పక్కవాడి పేపరు చూసి రాసిన కుర్రాడి జవాబు పక్కవాడి జవాబుతో కలవక ఏమవుతుంది? సాక్షులు ఇద్దరు కారు, ఒక్కరే.

మరి హత్యలో? ఆ ఒక్క సాక్షి యజ్దీ ఉన్నాడుగా. 1398 డిసెంబరు 17న ఢిల్లీ సుల్తాన్ మహమూద్ తుగ్లక్, మల్లూ ఖాన్ సైన్యాలతో యుద్ధం జరిగింది. దానికి కొద్ది రోజుల ముందు ఢిల్లీ పక్కనున్న లోనీ దగ్గర విడిసినప్పుడు, యుద్ధం మధ్యలో బందీలు తిరగబడతారన్న భయంతో వాళ్లని చంపించాడని యజ్దీ రాశాడు, లక్షమంది అని లెక్క కూడా ఇచ్చాడు. ఢిల్లీ వైపు నుంచి రాసిన యాహ్యా సర్హిందీ లెక్క యాభై వేలు. ఒకరు తైమూర్ మనవడి కొలువులో కూర్చుని గొప్పగా రాసినవాడు, ఇంకొకరు దెబ్బతిన్న ఊరివైపు వాడు. అంకెల్లో తేడా ఉన్నా జరిగిందన్న విషయంలో ఇద్దరికీ తేడా లేదు. పెద్ద పెద్ద గుండ్రటి అంకెల్ని నేను తూకం వేసిన లెక్కల్లా తీసుకోను, కానీ అన్ని వేలమంది బందీలుగా ఉన్న మనుషుల్ని నరికారన్నది మాత్రం ఏ దొంగ పుస్తకం మీదా ఆధారపడి లేదు. జీవితంలో పిచ్చుకని కూడా చంపని మౌలానా నసీరుద్దీన్ ఉమర్ అనే పండితుడు ఆవేళ తన వంతుకొచ్చిన పదిహేనుమందిని కత్తితో చంపాడని మల్ఫూజాత్ చెబుతుంది. ఆ మౌలానా, ఆ పదిహేనుమంది యజ్దీ దగ్గరా ఉన్నారు. నాకు అన్నిటికంటే నిద్ర పట్టనివ్వని వివరం అది.

కాబట్టి అమ్మా, జరిగిన సంఘటనకి జఫర్‌నామా దగ్గరికి వెళ్లండి. తైమూర్ మనసులో ఏముంది, ఆ రాత్రి ఏం ఆలోచించాడు, హిందుస్థాన్ ఎందుకొచ్చాడు అని "నేను" పెట్టి చెప్పిన మాటలున్నాయే, మెసేజుల్లో తిరిగేవి సరిగ్గా అవే, అవి తైమూర్ నోటి మాటలుగా ఎత్తి చూపించకూడదు. మతం పేరు చెప్పి దండయాత్రని సమర్థించుకోవడం యజ్దీలోనూ ఉంది, అది దాచక్కర్లేదు. అయితే దాన్ని యజ్దీ సమర్థన అనే చెప్పాలి, తైమూర్ ఒప్పుకోలు అనకూడదు.

1637లోనే ఈ పుస్తకం ఎందుకు పుట్టుకొచ్చింది అంటారా, షాజహాన్ బిరుదు చూస్తే తెలుస్తుంది. తైమూర్‌ని 'సాహిబ్ ఖిరాన్' అనేవారు, శుభగ్రహాలు కలిసిన వేళ పుట్టిన ప్రభువని అర్థం. షాజహాన్ తనని తాను 'సాహిబ్ ఖిరాన్-ఎ-సానీ' అనుకున్నాడు, అంటే రెండో సాహిబ్ ఖిరాన్. అలాంటి రాజుకి మొదటాయన స్వహస్తాలతో రాసిన రాజనీతి దొరికిందంటే అంతకంటే పండగ ఏముంటుంది? నన్నడిగితే మల్ఫూజాత్‌ని పారెయ్యక్కర్లేదు. షాజహాన్ కాలంలో తైమూర్‌ని ఎలా ఊహించుకున్నారో తెలుసుకోవడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

ఇంగ్లీషులో ఇది అందరి చేతికీ వచ్చింది పాత పారసీక చరిత్రల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఎలియట్, డౌసన్‌ల సంకలనం మూడో సంపుటంతో, 1871లో. ఎలియట్ ఇది నిజమైనదే అని నమ్మాడు. మీ రాజుల కంటే మా పాలన ఎంత మెత్తనిదో ఇవి చదివితే ఈ దేశస్థులకి తెలిసొస్తుందని అంతకుముందు 1849లో వేసిన పుస్తకం ముందుమాటలోనే రాసుకున్నాడు కూడా. ఆ ఉద్దేశంతో ఏరి కూర్చిన పేజీలు 150 ఏళ్లు దాటాక మీ ఇంట్లో భోజనాల దగ్గర గొడవ పెట్టాయి. బ్రిటిష్ మ్యూజియం పారసీక ప్రతుల పట్టిక తయారుచేసిన చార్లెస్ రియూ ఆ శతాబ్దంలోనే ఇది నమ్మదగ్గది కాదన్నాడు గానీ, ఆ పట్టిక ఎవరు చదువుతారు.

ప్రశ్న: మాస్టారూ, అలా అయితే బాబరు ఆత్మకథ కూడా ఎవరో రాసి ఆయన పేరు పెట్టారేమో అని ఎందుకు అనుకోకూడదు? ఒకటి నిజం, ఒకటి దొంగ అని మీరెలా తేలుస్తారు?
(రిటైర్డ్ ఉద్యోగి, రాజోలు)

జవాబు: న్యాయమైన ప్రశ్న అండి. మా ఇంటి సంగతి ఒకటి చెప్పి మొదలుపెడతాను.

మాది లంక గ్రామం. 1986 ఆగస్టు వరదలో మా ఇంట్లోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. అటక ఎక్కించడం మరిచిపోయిన ట్రంకుపెట్టెలో మా తాతగారి కాగితాలు, అంటే పొలం దస్తావేజులు, శిస్తు రసీదులు, 1930ల నాటి పంటల సంగతులు ఆయన స్వయంగా రాసుకున్న పుస్తకం, అన్నీ నానిపోయాయి. నీళ్లు తీశాక మా నాన్నగారు ఒక్కో కాగితం విడదీసి నులకమంచం మీద పరిచి, చెదిరిపోయిన పేజీల్ని కొత్త నోటుబుక్కులో ఎత్తి రాశారు. తాతగారి మాటల్లోనే, "నేను" అంటూనే. పదేళ్ల కిందట ఆ నోటుబుక్కు తీసి చదువుతుంటే ఒకచోట "ఆ ఏడు నాకు ఎకరానికి ఇన్ని కిలోలు దిగింది" అని కనబడింది. తాతగారి నోట కిలో అన్న మాట నేనెప్పుడూ వినలేదు, ఆయనకి కుంచం, పుట్టి, గరిసె తప్ప తెలీదు. కిలోలు మన సంతల్లోకి వచ్చింది 1960 ప్రాంతంలో. అంటే ఆ వాక్యం నాన్నగారిది. అక్షరం చెరిగిపోయినచోట తనకి తెలిసిన కొలతతో నింపేశారు. ఆయన ఎవర్నీ మోసం చెయ్యలేదండి, తండ్రి మాట పోకూడదని తాపత్రయపడ్డారు. కానీ 1930లలో ఎకరానికి ఎంత పండిందో చెప్పడానికి నేను ఆ పేజీని వాడలేను.

చరిత్రకారులు పుస్తకాల్లో వెతికేది ఇలాంటి కిలోలనే. ఆ కాలానికి లేని మాట, అప్పటికి పుట్టని బిరుదు, రాసినవాడికి తెలిసే వీల్లేని సంగతి ఉన్నాయా అని చూస్తారు. ఆ తర్వాత ప్రతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చింది అని ఆరా తీస్తారు.

బాబరు విషయంలో ఆ దారి మొత్తం కనిపిస్తుంది. ఆయన రాసింది తన మాతృభాష చగతాయ్ తురుష్కంలో. మనవడు అక్బరుకి చదవడానికి వీలుగా అబ్దుర్ రహీం ఖాన్-ఎ-ఖానాన్ 1589లో పారసీకంలోకి మార్చి ఇచ్చాడు. ఇక్కడ తురుష్క మూలం మాయం కాలేదు. దాని ప్రతుల్లో చాలా పూర్తిగా ఉన్నది ఎక్కడ దొరికిందనుకున్నారు, మన హైదరాబాదులో, సాలార్ జంగ్ గ్రంథాలయంలో. అనెట్ బెవరిడ్జ్ దాని ఫొటో ప్రతిని 1905లో అచ్చు వేయించి, తర్వాత ఏళ్ల తరబడి కూర్చుని నేరుగా తురుష్కం నుంచే అనువదించింది.

ఇక లోపలి సాక్ష్యం. 1529లో తూర్పు దండయాత్రలో ఉండగా రంజాన్ నెలలో ఒక రాత్రి తరావీహ్ నమాజులయ్యాక బాబరు రాసుకోవడానికి కూర్చున్నాడు. ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలివాన విరుచుకుపడింది. కాగితాలు సర్దుకునేలోపే డేరా వచ్చి నెత్తిన పడింది. రాసిన పుటలన్నీ నీళ్లలో నానిపోతే ఏరుకుని, సింహాసనం మీద పరిచే ఉన్ని తివాచీ మడతల్లో పెట్టి, పైన కంబళ్లు కప్పారు. వాన తగ్గాక దీపం వెలిగించి, నానా అవస్థా పడి నిప్పు రాజేసి, తెల్లవారే వరకూ నిద్ర లేకుండా ఒక్కో కాగితం ఆరబెట్టుకున్నామని రాశాడు. నేను ఆ పేజీ చదివినప్పుడల్లా మా నాన్నగారు, ఆ నులకమంచం కళ్లముందు కనపడతారండి. ఎవరో కల్పించి రాసేవాడికి ఈ తడి కాగితాలతో పనేముంది? ఇంకోటి, బాబరునామాలో పెద్ద పెద్ద ఖాళీలున్నాయి. 1508 నుంచి 1519 దాకా పదకొండేళ్ల కథ లేదు, 1520 నుంచి 1525 దాకా మళ్లీ లేదు. కల్పించేవాడైతే ఆ ఖాళీలు పూరించి ఉండేవాడు.

అయితే నిజమైన ఆత్మకథ అన్నంత మాత్రాన అందులోని ప్రతి మాటా నిజమని కాదు. 1501లో ఉజ్బెక్ నాయకుడు షైబానీ ఖాన్ ముట్టడికి తట్టుకోలేక బాబరు సమర్‌కండ్ వదిలి రాత్రికి రాత్రి బయటపడ్డాడు. అప్పుడు మా అక్క ఖాన్‌జాదా బేగం షైబానీ ఖాన్ చేతికి చిక్కింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆయన కూతురు గుల్‌బదన్ బేగం తర్వాతెప్పుడో పెద్దదయ్యాక రాస్తూ, ఆ అక్కని ఇచ్చి పెళ్లి చేస్తేనే ప్రాణాలతో వదిలేస్తామన్న షరతు మీద ఆవిడని అక్కడ వదిలి వచ్చారని చెబుతుంది. తన కరువు, తన ఓటమి, తన తాగుడు అన్నీ దాచకుండా రాసుకున్న మనిషికి ఆ ఒక్కచోట కలం ముందుకు సాగలేదు. ఆ ఒక్క ముక్క వాక్యం నాకు బాబరు గురించి చాలా చెప్పింది.

ప్రశ్న: జహంగీరు ఆత్మకథ మాటేమిటండీ?
(తణుకు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అది నిజమైనదే, కానీ జాగ్రత్త. దానికి ఒక నకిలీ కూడా ఉంది. 1829లో డేవిడ్ ప్రైస్ ఇంగ్లీషులోకి తెచ్చింది ఆ నకిలీనే. నగల ఖరీదులు, ఖర్చులు అందులో విపరీతంగా ఉబ్బిపోయి ఉంటాయి. రోజర్స్, బెవరిడ్జ్‌లు 1909 నుంచి 1914 మధ్య వేసింది అసలుది. పాత లైబ్రరీలో పుస్తకం తీసేటప్పుడు అనువాదకుడి పేరు చూసి తియ్యండి.

ప్రశ్న: మాస్టారండీ, ఢిల్లీ వాళ్ల సంగతి సరే, మన రాయలవారి సంగతి చెప్పండి. రాయవాచకంలో ఆయన దండయాత్రలు కళ్లతో చూసినట్టు ఉంటాయి. అది అప్పుడే రాసింది కదా?
(తెలుగు ఉపాధ్యాయిని, రామచంద్రపురం)

జవాబు: అమ్మా, మీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది, ఈ మాట ఎవరైనా అడిగితే బాగుండునని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. రాయవాచకం మధుర నాయకుడు విశ్వనాథ నాయనికి ఆయన స్థానాపతి, అంటే రాయలవారి కొలువులో ఉండే ప్రతినిధి, రాసి పంపిన నివేదికలా ఉంటుంది. వేగులవాళ్లు వచ్చి చెప్పినవి, రాయలు మంత్రులతో మాట్లాడినవి, గజపతి మీదికి నడిచినవి, అన్నీ ఇప్పుడే విని రాస్తున్నట్టు. చదువుతుంటే తెలుగు వచనం ఎంత హాయిగా ఉంటుందో మీకు చెప్పాలా. ఆ పుస్తకం అచ్చులోకి రావడానికి కారకుడు జయంతి రామయ్య పంతులుగారు, మన ముక్తేశ్వరంలో పుట్టినాయన.

కానీ ఫిలిప్ వాగనర్ దాన్ని ఇంగ్లీషులోకి తెస్తూ పేజీ పేజీ జల్లెడ పట్టి, అది 1595, 1602 మధ్య మధుర నాయకుల కొలువులో తయారైందని తేల్చాడు. రాయలు పోయింది 1529లో. దగ్గర దగ్గర డెబ్బై ఏళ్ల తేడా. ఈలోగా 1565లో తళ్లికోట జరిగిపోయింది, విజయనగరం పాడుపడింది. మధుర నాయకులకి తమ అధికారం ఆ మహాపట్టణం నుంచే దిగివచ్చిందని చెప్పుకోవాల్సిన అవసరం వచ్చింది. షాజహాన్‌కి తైమూర్ కావాల్సి వచ్చినట్టే వీళ్లకి రాయలు కావాల్సి వచ్చాడు.

పోలిక అంతవరకే. రాయవాచకం రాసినవాడికి పాత రికార్డులు, పెద్దల నోటి మాటలు అందుబాటులో ఉన్నట్టు కొన్నిచోట్ల తెలుస్తూనే ఉంటుంది, అందుకని ప్రతి ఘట్టాన్నీ విడిగా పరీక్షించాలి. సరిచూసుకోవడానికి మనకి రాయి ఉంది కదా: కళింగ దండయాత్రలో రాయలు సింహాచలం వచ్చి, దేవేరులతో కలిసి స్వామికి నగలు సమర్పించిన 1516 నాటి శాసనం అక్కడే ఉంది. రాయవాచకంలో రాయలు మాట్లాడిన సంభాషణలు క్లాసులో చదివించండి, నాటకం వేయించండి, పిల్లలు ప్రాణం పెట్టి నేర్చుకుంటారు. పరీక్షలో మాత్రం "రాయలు ఇలా అన్నాడు" అని రాయనివ్వకండి.

ప్రశ్న: మన గోదావరి జిల్లాల్ని జయించినవాడెవడైనా ఆత్మకథ రాసుకున్నాడా మాస్టారూ?
(పాలకొల్లు నుంచి)

జవాబు: రాసుకున్నాడంటారు, అదే చిక్కు. 1323లో ఓరుగల్లు పడగొట్టి ప్రతాపరుద్రుణ్ణి పట్టుకున్న ఉలుగ్ ఖాన్ తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు. లండన్‌లో ఉన్న 'తబఖాత్-ఎ-నాసిరి' అనే పారసీక చరిత్ర గ్రంథం ప్రతి ఒకదానికి చివర కలిపి కుట్టిన కొద్ది పుటలున్నాయి, అందులో ఆ సుల్తాను తన గురించి తను చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. చరిత్రకారుడు ఆఘా మెహదీ హుసేన్ ఇవి నిజమైనవే అన్నాడు, తర్వాత వచ్చిన పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు. నిజమే అనుకున్నా అందులో మన గోదావరి సంగతి ఏమీ దొరకదు.

మనకి దొరికేది మన గడ్డ మీదే ఉందండి. రాజమండ్రి మసీదు వాకిలి మీద పారసీక శాసనం ఉంది, 1324 సెప్టెంబరు నాటిది, సాలార్ ఉల్వీ కట్టించాడని. ఓరుగల్లు పడ్డ మరుసటి ఏడే వాళ్ల అధికారం గోదావరి ఒడ్డుకి చేరిందని చెప్పడానికి ఆ ఒక్క రాయి చాలు, ఏ ఆత్మకథా అక్కర్లేదు. ఇటు ఓడినవాళ్ల వైపు నుంచి కోనసీమలోని విలస దానశాసనం ఉంది, ప్రోలయ నాయకుడు ఇచ్చింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడని, ఆ తర్వాత దేశం చీకటైపోయి అగ్రహారాలు పోయి జనం నానా యాతన పడ్డారని అందులో చెబుతారు. దానం ఇస్తున్న కొత్త ప్రభువుని పొగడాలంటే ముందున్న చీకటిని ఇంకొంచెం నల్లగా వెయ్యాలి కాబట్టి ఆ వర్ణనని మక్కీకి మక్కీ తీసుకోలేం. కానీ అది జరిగిన తరంలోనే, జరిగిన చోటుకి దగ్గర్లోనే, రాగిరేకు మీద చెక్కిన మాట. దాని తర్వాత 1423లో రెడ్డి రాణి అనితల్లి ఇచ్చిన కలువచేరు శాసనానికి వచ్చేసరికి ప్రతాపరుద్రుడు తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడని ఉంటుంది. వందేళ్లలో బందీగా చనిపోయిన రాజు కథ ఎంత మారిందో చూడండి. ఆ రెండు శాసనాలూ పక్కపక్కన పెట్టుకుని చదివిన రోజు నేను కాలేజీకి లేటుగా వెళ్లాను.

ప్రశ్న: ఇవన్నీ చదివే ఓపిక మాకు లేదు గానీ, మా అబ్బాయికి ఏడో తరగతి, చరిత్రంటే ఇష్టం. ఎక్కడికైనా తీసుకెళ్లి చూపించమంటారా?
(ముక్తేశ్వరం నుంచి ఒక తల్లి)

జవాబు: మీకు ద్రాక్షారామం ఎంత దూరం తల్లీ, రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగితే అక్కణ్ణుంచి బస్సో ఆటోనో. గోదారి పోటు మీదుంటే పంటు కట్టేస్తారు, కనుక్కుని వెళ్లండి. భీమేశ్వరాలయంలో స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి, చాళుక్య చోళులవి, రెడ్లవి, గుడి దీపానికి నెయ్యి కోసం గొర్రెల్ని ఇచ్చిన ఊళ్లలోని మామూలు వాళ్లవి కూడా. జయించిన రాజుల బిరుదులు చదివేటప్పుడు, ఇవి వాళ్లు చెప్పుకున్నవి అని అబ్బాయికి చెప్పండి. దీపానికి ఎన్ని గొర్రెలిచ్చారన్న అంకె మాత్రం గట్టిగా నమ్మొచ్చని కూడా చెప్పండి, ఎందుకంటే ఆ లెక్క తప్పితే అడగడానికి గుడివాళ్లు ఎదురుగానే ఉన్నారు. పొద్దున్నే ఏడింటికల్లా అక్కడుండేలా చూసుకోండి. మధ్యాహ్నం వెళ్తే రాయి అంతా ఒకే రంగులో మెరిసి ఏమీ తెలీదు, పొద్దుటి ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు అక్షరాల గీతల్లో నీడ నిలిచి ఒక్కోటీ పైకి లేచి కనబడుతుంది. ఒక టార్చిలైటు కూడా పట్టుకెళ్లండి, లోపలి స్తంభాలకి పక్కవాటంగా వేస్తే సరిపోతుంది.